సైనిక్‌పురి వైపు ఇల్లు: కొత్త 1,950 అడుగుల ఫ్లాటా, పాత 1,680 అడుగుల ఫ్లాటా?

మల్కాజిగిరి కోడలు

అందరికీ నమస్కారం. ఆనంద్‌బాగ్‌లో రెండు బెడ్రూమ్‌ల అద్దె ఇంట్లో ఆరుగురం ఉంటున్నాం. మామయ్యగారు లాలాగూడ వర్క్‌షాప్‌లో చేసి రిటైరయ్యారు. అత్తయ్యకి మోకాళ్లు బాగా అరిగిపోయాయి, ఇంట్లో కూడా వాకర్ పట్టుకునే తిరుగుతారు. అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, అబ్బాయి ఏడో తరగతి. అమ్మాయి చదువుకోవాలంటే హాల్లో టీవీ కట్టెయ్యాలి. మామయ్య రాత్రి వార్తలు చూడాలంటే అది పుస్తకాలు సర్దుకుని మా గదిలోకి రావాలి. దాని పరీక్షలు దగ్గరపడేలోపు సొంతింట్లోకి వెళ్లాలని నా పట్టుదల.

మా ఆయన ఆఫీసు పోచారం వైపు, నేను టీచర్‌గా చేసే స్కూలు ఏఎస్ రావు నగర్‌లో. అందుకని సైనిక్‌పురి, వాయుపురి, నేరేడ్‌మెట్ దాటి ఎక్కడా చూడటం లేదు. చెట్లున్న వీధులు, తక్కువ ట్రాఫిక్, సాయంత్రం మామయ్య భయం లేకుండా నడిచే రోడ్డు. మాకు క్లబ్ హౌసూ స్విమ్మింగ్ పూలూ అక్కర్లేదు. ఇల్లు విశాలంగా ఉండాలి, చుట్టూ ప్రశాంతంగా ఉండాలి, అంతే.

చూసినవాటిలో రెండు మిగిలాయి.

ఒకటి కొత్తది. 1,200 గజాల స్థలంలో స్టిల్ట్ (కింద పార్కింగ్‌కి వదిలిన అంతస్తు) మీద ఐదంతస్తులు, అంతస్తుకి మూడు చొప్పున పదిహేను ఫ్లాట్లు. మాకు చూపించింది నాలుగో అంతస్తులో ఈస్ట్ ఫేసింగ్, 1,950 అడుగులు, మూడు బెడ్రూమ్‌లు. అడుగు 6,000 చొప్పున కోటి పదిహేడు లక్షలు. పార్కింగ్, కార్పస్ ఫండ్ (అసోసియేషన్ నిధికి కట్టేది) విడిగా. పని దాదాపు అయిపోయింది, వచ్చే నెల ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వస్తుందంటున్నారు. ఈలోపు టోకెన్ కింద ఐదు లక్షలు కట్టమని రోజూ ఫోన్. అగ్రిమెంట్ కాపీలో అన్‌డివైడెడ్ షేర్ (యూడీఎస్, అంటే స్థలంలో మా వాటా) 62 గజాలని ఉంది.

రెండోది 2006లో కట్టింది. 640 గజాల్లో స్టిల్ట్ మీద నాలుగంతస్తులు, మొత్తం ఎనిమిది ఫ్లాట్లే. రెండో అంతస్తు, 1,680 అడుగులు, ఇదీ మూడు బెడ్రూములే. యూడీఎస్ 80 గజాలు. ఓనర్ గారు 92 లక్షలు చెబుతున్నారు. వీధిలో అన్నీ ఇండిపెండెంట్ ఇళ్లే. వంటింటి కిటికీ తీస్తే పక్కింటి మామిడి కొమ్మ చేతికందుతుంది. కానీ బాత్రూముల్లో టైల్స్ పాతవి, లిఫ్టు చిన్నది, ఒక గోడకి చెమ్మ కనపడింది.

మా ఆయన కొత్తదే తీసుకుందామంటున్నారు. "270 అడుగులు ఎక్కువ వస్తున్నాయి కదా, రేపు పిల్లలు పెద్దయ్యాక మళ్లీ మారలేం" అని ఆయన వాదన. మామయ్య మాత్రం గజాల లెక్క తప్ప ఇంకేం వినరు. నాకు పాత ఫ్లాట్లో అడుగుపెట్టగానే ఊపిరి ఆడినట్టనిపించింది. కానీ అంత డబ్బు పెట్టేటప్పుడు అనిపించడం మీద ఆధారపడలేను కదా. ఈ చుట్టుపక్కల ఉన్నవాళ్లు, ఇలాంటి ఇల్లు కొన్నవాళ్లు ఏం చూడాలో చెప్పండి. అమ్మాయికి ఒక గది, అత్తయ్య మామయ్యలకి ఒక గది మాత్రం ఖాయంగా కావాలి.

వాయుపురి వాసి

అమ్మా, ప్రశాంతత గురించి మాత్రం నేను చెప్పగలను, ముప్ఫై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. ఇళ్లు చూపించేవాళ్లు మిమ్మల్ని ఆదివారం పొద్దున పదింటికి తీసుకెళ్తారు. ఆ టైములో ఊళ్లో ఏ వీధైనా ప్రశాంతంగానే ఉంటుంది. మామూలు రోజు పొద్దున ఏడున్నర, ఎనిమిది మధ్యలో వెళ్లండి. స్కూలు బస్సులు ఏ వీధిలోంచి తిరుగుతాయో అప్పుడు తెలుస్తుంది. మళ్లీ రాత్రి పదిన్నరకి వెళ్లండి. అర కిలోమీటరు లోపు ఫంక్షన్ హాలు ఉందో లేదో కనుక్కోండి. ముహూర్తాలున్న రోజుల్లో బరాత్ మీ వీధిలోంచి వెళ్తే నిద్ర ఉండదు.

నేరేడ్‌మెట్, అమ్ముగూడ వైపు అయితే రైలు పట్టాలు ఎంత దూరమో కూడా చూసుకోండి. మౌలాలి, సనత్‌నగర్ మధ్య లైను అది. ఎప్పటినుంచో గూడ్సు బళ్లు తిరిగేవి, 2024 మార్చి నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు కూడా నడుస్తున్నాయి. పట్టాలకి నాలుగు వీధుల అవతల ఉంటే ఎంఎంటీఎస్ లాభమే, స్టేషన్‌కి నడిచి వెళ్లొచ్చు. పక్కనే ఉంటే మాత్రం అర్ధరాత్రి గూడ్సు వెళ్లినప్పుడు కిటికీ అద్దాలు అదురుతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. మీరు చెప్పిన ఆ మామిడి చెట్టు ఎవరిది? ఈ ప్రాంతంలో ప్రశాంతతంతా పక్కవాళ్ల ఇండిపెండెంట్ ఇళ్ల వల్ల వచ్చిందే. ఆ ఇళ్లలో పెద్దవాళ్లు ఉంటున్నారు, పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్నారు. ఆ ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చిన రోజు చెట్టు పోతుంది, రెండేళ్లు కట్టర్ మిషన్ మోత, దుమ్ము. ఆ తర్వాత మీ కిటికీకి ఎదురుగా ఇంకో కిటికీ. మా వీధిలో ఇప్పుడు అదే జరుగుతోంది, మధ్యాహ్నం పూట తలుపులన్నీ మూసుకుని కూర్చుంటున్నాం. కాబట్టి పక్కిల్లు ఎవరిది, ఎవరుంటున్నారు, అమ్మే ఆలోచన ఉందా అని వీధి చివర ఇస్త్రీ అతన్నో, ఎదురింటి వాళ్లనో అడగండి. వాళ్లకి తెలియనిది ఉండదు.

రిటైర్డ్ సైట్ ఇంజినీర్

ముందు మీవారి 270 అడుగుల సంగతి తేలుద్దాం. 1,950 అనేది సూపర్ బిల్టప్. అందులో మీ గోడలు, మెట్లు, లిఫ్టు, కారిడార్‌లో మీ వాటా, ఒక్కోచోట వాచ్‌మన్ గది, జనరేటర్ గదిలో వాటా కూడా కలిపేస్తారు. మీ కాలికింద ఉండే చోటు కార్పెట్ ఏరియా. ఇళ్లు కొనేవాళ్ల రక్షణకి వచ్చిన రెరా చట్టం ప్రకారం బయటి గోడలు, షాఫ్టులు, బాల్కనీ తీసేసి, లోపలి అడ్డగోడలు కలిపి లెక్కగట్టేది అదే. అమ్మేవాళ్లు ఆ అంకె రాతపూర్వకంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. పాత ఇంటికి అలాంటి కాగితం ఉండదు, టేపు పట్టుకుని మీరే కొలుచుకోవాలి. పదిహేను, ఇరవై ఏళ్ల కింద కట్టిన చిన్న అపార్ట్‌మెంట్లలో కామన్ ఏరియా వాటా తక్కువగా వేసేవారు. నా అంచనా, రెండింటికీ లోపల తేడా మీరనుకుంటున్నంత ఉండదు.

కొలిచేటప్పుడు గది గోడ నుంచి గోడకి కొలిచి ఊరుకోవద్దు. వార్డ్‌రోబ్‌కి రెండడుగులు తీసేయండి, మంచం ఆరడుగులు వేసుకోండి, మిగిలిన దాంట్లో మీ అత్తగారు వాకర్‌తో తిరగగలరా చూడండి. బాత్రూమ్ తలుపు చట్రం లోపలి వెడల్పు ఇంచుల్లో కొలవండి. వాకర్ వెడల్పు ఇంట్లోనే కొలిచి రాసుకుని వెళ్లండి. ఇంకో విషయం, గదుల మధ్య పొడుగాటి నడవా ఉంటే అదీ కార్పెట్ ఏరియాలోకే వస్తుంది. నాలుగడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవు నడవా అంటే 64 అడుగులు. అక్కడ కుర్చీ కూడా వేసుకోలేరు.

ఇక మీ మామగారి గజాల లెక్క. ఆయన పాయింటు సరైనది. 1,200 గజాలని పదిహేను ఫ్లాట్లకి పంచితే, సైజులు ఇంచుమించు ఒకటే అయితే, తలా 80 గజాలు రావాలి. మీకు రాసింది 62. అంటే పదిహేను ఫ్లాట్లకీ కలిపి 930 గజాలే అయింది. మిగతా 270 గజాలు ఎక్కడికెళ్లాయి? రోడ్డు వెడల్పు కోసం కొంత స్థలం మున్సిపాలిటీకి రాసిచ్చి ఉండవచ్చు. అలా అయితే శాంక్షన్ ప్లాన్లో నికర ప్లాట్ ఏరియా అని స్పష్టంగా ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. కానీ ప్లాన్లో లేని పెంట్‌హౌస్ పైన లేపే ఉద్దేశంతో దానికోసం వాటా అట్టేపెట్టుకున్న సందర్భాలు నేను చూశాను. టెర్రస్ మీదికి ఎక్కి చూడండి. లిఫ్టు గది, ట్యాంకులు కాక గోడలు లేస్తున్నాయా? స్లాబు మీద పిల్లర్ల ఊచలు కత్తిరించకుండా పైకి వదిలేశారా? అలా ఉంటే ఓసీ వచ్చే నెల వస్తుందన్న మాట నమ్మకండి.

మన దగ్గర ప్లాన్ ఇచ్చేటప్పుడు కట్టబోయే దాంట్లో పదో వంతు మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ చేయించుకుంటారు, ఓసీ వచ్చాకే విడుదల. మీకు చూపించిన ఫ్లాటు అందులో లేదని రూఢి చేసుకోండి. అది రిజిస్టర్ చేస్తారు కాబట్టి ఈసీలో (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లో) కనబడుతుంది.

పాత దానికి స్టిల్ట్‌లోకి వెళ్లి తలెత్తి చూడండి. బాత్రూములు ఒకదాని కింద ఒకటి వస్తాయి కదా, ఆ వరస కింద స్లాబుకి తెల్లటి ఉప్పు మరకలుంటే లీకేజీ. సిమెంటు పెచ్చు ఊడి, తుప్పు పట్టిన ఊచ కనబడితే అది పెద్ద రిపేరు, ఎనిమిది మందీ కలిసి చేయించాల్సింది. ఒక్క గోడకి చెమ్మ అయితే భయపడక్కర్లేదు. బాత్రూమ్ టైల్స్ తీసి వాటర్‌ప్రూఫింగ్ చేయించుకుంటే సరిపోతుంది. 2006 వైరింగ్ మూడు ఏసీల లోడు తట్టుకోకపోవచ్చు, దాన్నీ లెక్కలో వేసుకోండి. మొత్తం మీద ఆరేడు లక్షలు రిపేర్లకి పక్కన పెట్టుకోండి.

2006 అంటే అప్పటికి కాప్రా విడి మున్సిపాలిటీ, 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసింది. కాప్రా మున్సిపాలిటీ ఇచ్చిన పర్మిషన్ కాపీ అడగండి. ప్లాన్ దాటి కట్టి ఉంటే తర్వాత బీపీఎస్ (ప్లాన్ దాటిన కట్టడాలకి జరిమానా కట్టించుకునే పథకం) కింద డబ్బు కట్టి క్రమబద్ధీకరించుకున్నారా, ఆ ప్రొసీడింగ్స్ కాగితం ఉందా? "2015లో బీఆర్‌ఎస్‌కి అప్లై చేశాం" అని రసీదు చూపిస్తే సరిపోదు. బీఆర్‌ఎస్ కూడా అలాంటి క్రమబద్ధీకరణ పథకమే, ఆ రసీదు దరఖాస్తు మాత్రమే.

ఇంకా ఒకటి. మీరు చూసే వైపు రామకృష్ణాపురం చెరువు, సఫిల్‌గూడ చెరువు, కాప్రా చెరువు ఉన్నాయి. ఏ చెరువుకి దగ్గరున్నా ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లొచ్చే హద్దు, ఎక్కడో చూసుకోండి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల వరకు కట్టకూడదు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక దీన్ని తేలిగ్గా తీసుకునే రోజులు పోయాయి.

హోమ్‌లోన్ డెస్క్

డబ్బు వైపు నుంచి నాలుగు మాటలు. బ్యాంకులో గృహరుణాల విభాగంలోనే పని చేస్తాను.

ఆ ఐదు లక్షల టోకెన్ ఇప్పుడు కట్టకండి. మొత్తం డబ్బు ఓసీ వచ్చాక కడితే జీఎస్టీ ఉండదు. ఓసీకి ముందు కొంత కట్టినా సరే, నిర్మాణంలో ఉన్న ఫ్లాటు కొన్నట్టే లెక్క, మొత్తం ధర మీద 5 శాతం. మీ కోటి పదిహేడు లక్షలకి అది 5 లక్షల 85 వేలు. వచ్చే నెల ఓసీ వస్తుందని వాళ్లే చెబుతున్నారు కాబట్టి వచ్చే నెలే కడతామనండి. నిజంగా రాబోతుంటే వాళ్లకీ అభ్యంతరం ఉండకూడదు.

రిజిస్ట్రేషన్ ఖర్చు స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం. కొత్త దానికి ఎనిమిది లక్షల డెబ్భై ఏడు వేల పైచిలుకు, పాత దానికి ఆరు లక్షల తొంభై వేలు. ఇది మీ చేతి డబ్బే, ఈ స్థాయి ఇళ్లకి బ్యాంకు దీన్ని ఇంటి ధరలో కలపదు. లోను 30 లక్షలు దాటి 75 లక్షల వరకు అయితే విలువలో 80 శాతం దాకా ఇవ్వొచ్చు, దాటితే 75 శాతమే. 92 లక్షల ఇంటికి మీ ఆదాయం సరిపోతే 73 లక్షల దాకా రావచ్చు. అయితే పాత ఇంటికి మా వాల్యుయర్ వేసే విలువ ఓనర్ చెప్పే ధర కన్నా తక్కువ రావచ్చు, రెండింటిలో ఏది తక్కువైతే దాని మీదే లోను. ఆ తేడా కోసం చేతిలో కొంత ఉంచుకోండి.

ధర 50 లక్షలు, ఆపైన కాబట్టి 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫున ముందే కట్టే పన్ను) మీరే పట్టుకుని ఓనర్ పాన్ మీద కట్టాలి. ఓనర్ ఎన్నారై అయితే ఈ లెక్క వర్తించదు, చాలా ఎక్కువ పట్టుకోవాల్సి ఉంటుంది. ఆయన ఎక్కడుంటారో ముందే అడగండి. లింక్ డాక్యుమెంట్లు (ఇంతకుముందు చేతులు మారిన పత్రాలు), ముప్ఫై ఏళ్ల ఈసీ ఒక లాయరుకి చూపించండి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో లేదని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో మీరే చూసుకోవచ్చు.

ఈసీఐఎల్ నాన్న

నేను మాత్రం కొత్త దానివైపే మాట్లాడతాను. మా నాన్నగారికి పక్షవాతం వచ్చిన రాత్రి మా పాత అపార్ట్‌మెంట్ లిఫ్టులో స్ట్రెచర్ పట్టలేదు. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం పట్టుకుని మెట్ల మీద దించాం. కరెంటు పోతే లిఫ్టు మధ్యలో ఆగిపోయేది, జనరేటర్ ఉన్నా దానికి డీజిల్ ఎవరు పోయాలన్నది ప్రతి మీటింగ్‌లో గొడవే. ఎనిమిది ఫ్లాట్లంటే వినడానికి బాగుంటుంది కానీ ఇద్దరు మెయింటెనెన్స్ కట్టకపోతే మిగతా ఆరుగురి మీద పడుతుంది. నోటీస్ బోర్డు మీద బాకీల లిస్టు ఉంటే ఫోటో తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లు ఎన్ని తెప్పించారో రిజిస్టర్ అడగండి, వాచ్‌మన్‌ని విడిగా అడగండి. జలమండలి కనెక్షన్ ఉందా, బోరు మీదే నడుస్తోందా అన్నది పెద్దవాళ్లున్న ఇంటికి చాలా ముఖ్యం. అత్తగారి అవసరం ఇప్పుడున్న దగ్గరే ఆగదమ్మా, ఐదేళ్ల తర్వాత ఎలా ఉంటుందో ఆలోచించి తీసుకోండి.

మల్కాజిగిరి కోడలు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. అమ్మాయిని తోడు తీసుకుని టేపుతో రెండు ఇళ్లకీ వెళ్లొచ్చాను.

కొత్త దాంట్లో కార్పెట్ ఏరియా 1,345, అది వాళ్లే కాగితం మీద ఇచ్చారు. పాతది మేం కొలిస్తే 1,310 వచ్చింది. 270 అడుగుల తేడా అనుకున్నది లోపలికొస్తే 35 అడుగులే. కొత్త దాంట్లో నడవా కూడా ఉంది, ఇంజినీర్ గారు చెప్పినట్టే. దాంతో హాలు పాత ఇంటి హాలు కన్నా చిన్నదే. ఈ లెక్క కాగితం మీద చూపించాక మా ఆయన మళ్లీ 270 మాట ఎత్తలేదు.

అత్తయ్య వాకర్ వెనక కాళ్ల దగ్గర 24 అంగుళాలు. కొత్త ఫ్లాట్లో వాళ్లకి అనుకున్న గది బాత్రూమ్ తలుపు లోపలికి 23 అంగుళాలే ఉంది. పెంచమని అడిగితే పక్కనే కాలమ్ ఉంది, కుదరదన్నారు. పాత ఇంట్లో 28 అంగుళాలు. గడప మాత్రం రెండంగుళాల ఎత్తుంది, గ్రానైట్ తీసేసి వాలుగా చేయొచ్చని మేస్త్రీ చెప్పాడు. అత్తయ్య కొత్త ఇల్లు చూడకుండానే, "నేను నా బాత్రూముకి ఒకరి సాయం లేకుండా వెళ్లగలిగితే చాలు" అన్నారు. నాకు దాంతో సగం నిర్ణయం అయిపోయింది.

కొత్త దాని టెర్రస్ మీదికి తాళం వేసి ఉందన్నారు. తాళం తీయమంటే తర్వాత చూద్దామన్నారు. 62 గజాల గురించి అడిగితే "అందరికీ అంతే రాశాం" అన్నారు తప్ప నికర ప్లాట్ ఏరియా చూపించలేదు. ఓసీ వచ్చాకే డబ్బు కడతానన్నాక రోజూ వచ్చే ఫోను ఆగింది.

పాత ఇంటి దగ్గర స్టిల్ట్‌లో ఒక బాత్రూమ్ వరస కింద మరకలున్నాయి, ఊచ ఎక్కడా బయటపడలేదు. జలమండలి కనెక్షన్ ఉంది, వేసవిలో మాత్రం ట్యాంకర్లు వస్తాయని వాచ్‌మన్ భార్య చెప్పింది. బాకీల లిస్టులో ఒక ఫ్లాటు పేరే ఉంది. రాత్రి వెళ్తే ఎక్కడో కుక్కల అరుపు తప్ప ఏమీ వినపడలేదు. పక్కింటి పెద్దాయనతో మామయ్య అరగంట మాట్లాడారు, ఆయనా రైల్వేలోనే చేశారట. అమ్మే ఆలోచన ఇప్పుడు లేదన్నారు. రేపటి సంగతి ఎవరూ చెప్పలేరు, అది ఒప్పుకునే వెళ్తున్నాం.

ఈసీఐఎల్ నాన్న గారూ, లిఫ్టు సంగతి నన్ను బాగా పట్టుకుంది. లోపల కొలిచాం, స్ట్రెచర్ పట్టదు, వీల్‌చైర్ పడుతుంది. మెట్లు వెడల్పుగా ఉన్నాయి. కరెంటు పోతే దగ్గరి అంతస్తులో ఆగి తలుపు తెరుచుకునే పరికరం బిగించుకుందామని అసోసియేషన్ సెక్రటరీని అడిగాం, ఖర్చులో మా వాటా కన్నా కొంచెం ఎక్కువే పెడతామన్నాం. ఒప్పుకున్నారు.

ఓనర్‌తో 88 లక్షల దగ్గర మాట కుదిరేలా ఉంది. వాళ్లు ఇక్కడే ఉంటారు, ఎన్నారై కాదు. కాప్రా మున్సిపాలిటీ పర్మిషన్, బీపీఎస్ ప్రొసీడింగ్స్ ఉన్నాయన్నారు, శనివారం కాపీలు ఇస్తారు. లాయరు చూసేలోపు రెండు లక్షలు అడ్వాన్స్ ఇవ్వమంటున్నారు. ఇవ్వొచ్చా?

హోమ్‌లోన్ డెస్క్

కాపీలు చేతికొచ్చాక ఇవ్వండి, ముందు వద్దు. నగదు కాకుండా చెక్కు ఇచ్చి, సేల్ అగ్రిమెంట్లోనే రెండు షరతులు రాయించండి: లాయరు టైటిల్‌లో లోపం ఉందన్నా, బ్యాంకు లోను కాదన్నా అడ్వాన్స్ పూర్తిగా తిరిగివ్వాలి, ఎన్ని రోజుల్లోపో కూడా అందులో ఉండాలి. ఓనర్ భార్య పేరు కూడా డాక్యుమెంట్లో ఉంటే ఇద్దరి సంతకాలూ తీసుకోండి. ఆ ఫ్లాటు మీద వాళ్లకి పాత లోను ఉంటే, తీరినట్టు బ్యాంకు ఇచ్చిన లెటరు, ఒరిజినల్ డాక్యుమెంట్లు వాళ్ల దగ్గరే ఉన్నాయా అన్నది మీ కళ్లతో చూడండి.

రిటైర్డ్ సైట్ ఇంజినీర్

అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆ మరకలున్న వరసలో పై అంతస్తు వాళ్లతో కూడా మాట్లాడండమ్మా. నీళ్లు వాళ్ల బాత్రూమ్ నుంచి దిగుతుంటే మీ ఇంట్లో ఎంత వాటర్‌ప్రూఫింగ్ చేసినా ఆగదు. వాళ్లూ ఒప్పుకుంటే ఒకే మేస్త్రీతో రెండు బాత్రూములూ కలిపి చేయించండి. టైల్స్ వేయకముందు మడి కట్టి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, కింద చెమ్మ రాలేదని చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి.